ఆడొద్దన్న మాట

అంబత్తూరు, మద్రాసు
10-6-1979

మా కెప్టెన్ జయంతికి,

కన్యక ముద్దులూ, నాలుగు మొట్టికాయలూ.

నీ ఉత్తరమూ, పార్సెల్లో పసుపుపచ్చ ఉన్నిబంతీ అందాయి. పని చేయించుకోవడానికి ముందు లంచం పంపడం గుంటూరు వెళ్ళాక నేర్చుకున్నావా, పుట్టుకతోనే వచ్చిందా? నేను దారం విప్పకముందే మా అమ్మాయి వల్లి బంతిని లాక్కుపోయింది. ఒక చెక్కముక్క సంపాదించి అప్పటినుంచీ వరండా గోడకేసి కొడుతూనే ఉంది. ఆ చప్పుడు వింటూ ఒకచోట కూర్చోలేకపోతున్నాను. కాలుకాలిన పిల్లిలా వంటింటికీ వరండాకీ తిరుగుతున్నాను. నిన్న పాలు పొంగిపోయాయి. మా ఆయన ఏకాంబరం భోజనానికి వచ్చి, "ఏమి, ఇంట్లో మ్యాచ్ ఏమన్నా జరగతా ఉందా?" అన్నారు. ఆయనకి నవ్వులాట. నాకు ఒళ్ళు మండింది.

యూనివర్సిటీ ఆటల జట్ల చరిత్ర పుస్తకంగా వేస్తున్నారనీ, ఆడపిల్లల బాల్ బ్యాడ్మింటన్ గురించి అప్పటి కెప్టెన్‌గా నిన్ను రాయమన్నారనీ, నాకు గుర్తున్నవి పంపమనీ రాశావు. మగవాళ్ళ క్రికెట్టుకీ, హాకీకీ బోలెడన్ని పేజీలట, మనకి ఒకే ఒక్క పేజీయట! సరే, గ్రౌండు కూడా మనకి అలాగే ఇచ్చేవాళ్ళు కదా, వాళ్ళ వాలీబాల్ అయ్యాక మిగిలిన వెలుతురులో. నాకు గుర్తులేనిదేముంది? బీచికి దగ్గర్లో గ్రౌండు, సాయంత్రమయ్యేసరికి సముద్రపు గాలి. ఉన్నిబంతి తేలిక, గాలి ఎటు తోస్తే అటు పోయేది. మీరంతా గాలిని తిట్టుకునేవాళ్ళు. నేను మాత్రం నెట్టుకి ఆవలికి కొట్టకుండా గాలి మీదికి కొట్టేదాన్ని, అదే తీసుకెళ్ళి వాళ్ళ మూలలో పడేసేది. తెల్ల ఓణీలు తప్పనిసరి అన్నారు మన ప్రిన్సిపాల్ అమ్మ. కొంగులు బొడ్లో దోపి, పిన్నీసులు పెట్టి, ఐదుగురం బరిలోకి దిగితే పెళ్ళిపందిట్లో వడ్డనకి దిగినట్టుండేదని నువ్వే అనేదానివి. ఇదంతా రాసుకో. నీకు హాస్టల్లో మొదటిరోజే నేను "బకెట్టు ఆడ పెట్టు" అంటే, "ఆడ అంటే ఆడవాళ్ళ దగ్గరా?" అని అడిగి మూడేళ్ళు నన్ను ఏడిపించావు చూడు, అది మాత్రం రాయకు. మీ ఊళ్ళో 'అక్కడ' అంటే మా మద్రాసు తెలుగులో 'ఆడ'. అందులో నవ్వడానికి ఏముందో నాకు ఇప్పటికీ తెలియలేదు.

ఇక నువ్వు అసలు అడిగింది. "ఫైనల్లో నువ్వు ఆడకపోవడానికి కాలు బెణకడం కారణమని పాత రిపోర్టులో ఉంది. అలాగే ఉంచెయ్యనా?" అన్నావు. ఉంచవద్దు జయా. నా కాలు ఏనాడూ బెణకలేదు.

1965 డిసెంబరు, బెంగుళూరు. యూనివర్సిటీల మధ్య పోటీలు. మనకి ఒక బళ్ళో బస ఇచ్చారు. సెమీఫైనల్ గెలిచిన మర్నాడు పేపర్లో నా ఫోటో పడింది, గాల్లోకి ఎగిరి, జడ ఒకవైపు, ఓణీ ఒకవైపు. అది చూసుకుని మురిసిపోతూ స్నానానికి వెళ్ళాను. ఆ కాసేపట్లోనే మద్రాసు నుంచి మా నాయన ఫోన్. హెడ్మాస్టరు గదిలోంచి ప్యూను కేక వేస్తే కెప్టెన్‌వి కనుక నువ్వు పరుగెత్తావు. తిరిగి వచ్చిన నీ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. "కన్యకా, మీ నాన్నగారు నిన్ను మ్యాచ్ ఆడవద్దన్నారు" అన్నావు.

నేను ఆశ్చర్యపోలేదు, అదే చిత్రం. అప్పటికి తిరువళ్ళూరు సంబంధం ఒకటి నడుస్తోంది. పిల్ల మగవాళ్ళముందు గంతులేస్తుందట కదా అని వాళ్ళు ఎత్తిపొడిచారు. ఇప్పుడు పేపర్లో ఫోటో. గోవిందప్ప నాయకన్ వీధిలో మిరపకాయల మండీ వరదయ్య కూతురు ఊరందరి చేతుల్లో! అనుకున్నంతా అయిందనుకున్నాను. ట్రంకాల్ బుక్ చేస్తే మధ్యాహ్నం దాకా దొరకదన్నారు. మ్యాచ్ పొద్దున్నే. "ఆడేసెయ్, తర్వాత చూసుకుందాం" అన్నావు నువ్వు. ఎలా ఆడను? నేను మాట దాటితే నా వెనక ఉన్న ఇద్దరు చెల్లెళ్ళకీ కాలేజీ గుమ్మం మూసుకుపోతుంది. బెంచీ మీద కూర్చున్నాను. రిజర్వు పిల్ల బంతులు వదిలేస్తుంటే చూస్తూ కూర్చున్నాను. బెంగుళూరులో ఆ రోజు గాలి నాకు కావలసినట్టే వీచింది, తెలుసా? మూడో గేమ్ మన చేతిలోంచి జారిపోయినప్పుడు నువ్వు నావైపు చూడకుండా నెట్టు వైపు చూశావు.

ఇంటికొచ్చి బ్యాటు అటక మీద పారేశాను. మా నాయన ఒక్క మాట అడగలేదు. గెలిచారా ఓడారా అని కూడా అడగలేదు. ఇంట్లో ఎవ్వరూ బంతి ఊసెత్తలేదు. అపరాధం చేసి వచ్చినదాన్ని క్షమించి వదిలేసినట్టు ఉండేది ఆ మౌనం. ఆ పంతంతోనే, తిరువళ్ళూరు వాళ్ళు తప్పుకున్నాక, తర్వాత వచ్చిన సంబంధానికి ముఖం కూడా చూడకుండా సరేనన్నాను. ఏకాంబరం మంచివాడు కావడం నా అదృష్టం, నా తెలివి కాదు.

అందుకని నిజమే రాయి. వరదయ్య కూతురిని వరదయ్య ఆడనివ్వలేదని రాయి. ఇంకొక మాట. మద్రాసులో మా పేర్ల ముందు ఇంటిపేరు ఉండదు, పెళ్ళికి ముందు తండ్రి పేరులోని మొదటి ఇంగ్లీషు అక్షరం, పెళ్ళయ్యాక భర్త పేరులోది. పాత జాబితాలో నేను 'వి. కన్యక'ని. పుస్తకంలో ఆ 'వి' వద్దు, 'ఇ' వెయ్యి. ఆగస్టులో మా నాయన షష్టిపూర్తి. నేను వెళ్ళను. పుస్తకం ఆ వేళకి వస్తే పోస్టులో పంపుతాను, అదే నా కానుక. ఆయన చదువుకుంటే నేను పద్నాలుగేళ్ళుగా ఎందుకు సరిగ్గా మాట్లాడటం లేదో తెలుస్తుంది.

వల్లి బంతి పక్కింటి దొడ్లో పడేసింది. వెళ్ళాలి.

నీ
ఇ. కన్యక


గుంటూరు
18-6-1979

కోపిష్టి కన్యకకి,

నీ జయంతి ఆశీస్సులు. నీకంటే ఐదు నెలలు పెద్దదాన్ని, ఇవ్వచ్చు.

నీ ఉత్తరం స్టాఫ్‌రూములో చదువుతూ, గంట కొట్టినా లేవలేదు. మా కాలేజీ పిల్లలు గ్రౌండులో ఎదురుచూసి, చివరికి ఒకతె వచ్చి పిలిచింది. వాళ్ళని రెండు రౌండ్లు ఎక్కువ పరుగెత్తించాను. ఎవరిమీదో కోపం, ఎవరిమీదో తీరింది.

నీకు మాత్రమే పోయిందనుకోకు. ఆ ఫైనల్ నాదీ. ఆ కప్పు మన యూనివర్సిటీ బీరువాలో ఉంటే మనకి ఒక పేజీ కాదు, నాలుగు పేజీలు ఇచ్చేవాళ్ళు. మీ నాన్నగారిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్ళు నూరాలనిపిస్తుంది. ఆ గొంతు నా చెవిలో అలాగే ఉంది. లైనులో గరగర, పెద్దగా అరుస్తున్నాడు. "మా కన్యకను ఆడొద్దని చెప్పు తల్లీ, ఆడొద్దు!" అని రెండుసార్లు. ఎందుకండీ అని నేను అడుగుతూ ఉండగానే లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తాడేమోనని కాసేపు నిలబడ్డాను, చెయ్యలేదు. చెప్పదలచుకున్నది చెప్పేశాడు కదా, ఇంకెందుకు చేస్తాడు?

ఇదిగో, నేను రాసిన వాక్యం: "ఫైనల్ నాడు మా జట్టులోని మేటి ఆటగత్తెను ఆమె తండ్రి, మద్రాసు వర్తకులు శ్రీ వరదయ్యగారు, ఫోనులో ఆజ్ఞాపించి ఆడనివ్వలేదు. మేము ఓడిపోయినది ప్రత్యర్థుల చేతిలో కాదు." ఎలా ఉంది? కాస్త ఘాటుగానే ఉంది. ఉండనీ. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టుందని ఎవరైనా అంటే, మద్దెల నిజంగానే ఓడు అని చెప్తాను.

కానీ ఒక్కటి. అచ్చులో ఒక మనిషి పేరు పెట్టి ఇంత మాట అనేముందు నీ అనుమతి కావాలి. నెలాఖరుకి ప్రెస్సుకి పంపాలి. సరేనని ఒక కార్డుముక్క రాయి. షష్టిపూర్తికి వెళ్ళకపోతే మానెయ్, నేను బలవంతపెట్టను. కానీ పోస్టులో పుస్తకం పంపడం నాకు నచ్చలేదు. నెట్టుకి ఎదురుగా నిలబడి కొట్టేదానివి నువ్వు, వెనకనుంచి కాదు.

వల్లికి ముద్దులు. చెక్కముక్కతో కొట్టనివ్వకు, మణికట్టు చెడిపోతుంది. చిన్న బ్యాటు పంపుతాను.

నీ
జయంతి


అంబత్తూరు, మద్రాసు
25-6-1979

జయా,

ముందుగా ఇది చెయ్యి. ఆ వాక్యం ప్రెస్సుకి పంపకు. పంపేసి ఉంటే టెలిగ్రాం కొట్టి ఆపు. ఆపాక తలుపు వేసుకుని, కుర్చీలో కూర్చుని మిగతాది చదువు.

నిన్న ఆదివారం. సరేనని నీకు కార్డు రాసి, చేత్తో పట్టుకుని, పోస్టు చెయ్యడానికి చెప్పులు వేసుకుంటున్నాను. వాకిట్లో టాక్సీ ఆగింది. మా నాయన దిగాడు. షష్టిపూర్తికి పిలవడానికి తనే వచ్చాడు, చేతిలో పత్రిక, డ్రైవరు నెత్తిన గంపెడు మల్గోవా మామిడిపళ్ళు. అంత దూరం నుంచి ఆ ఎండలో వచ్చిన మనిషిని చూసి నాకు జాలి వెయ్యలేదు. చేతిలో కార్డు చురుక్కుమంది. ఎదురుగా నిలబడి కొట్టమన్నావు కదా, సరే, ఈవేళే అయిపోనీ అనుకున్నాను.

మంచినీళ్ళు ఇచ్చాను. ఏకాంబరం కుశలాలు అడుగుతున్నారు. వల్లి మాత్రం వరండాలో తన ధోరణిలో గోడకేసి బంతి కొడుతూనే ఉంది. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక నేను మామిడిపళ్ళ గంప ఎత్తి వరండాలో బెంచీ మీద పెట్టబోయాను. సరిగ్గా బంతి వచ్చి పడేచోటు. లోపలినుంచి మా నాయన అరిచాడు.

"ఆడొద్దమ్మా! ఆడొద్దు!"

వల్లి చెయ్యి ఆగిపోయింది. చెక్కముక్క కిందికి దించేసింది. నీకు తెలుసు కదా, ఇది అరవ బళ్ళో చదువుతోంది, మాతో కూడా సగం అరవమే. ముఖం ఇంత చేసుకుని, "ఏన్ తాతా? నాన్ ఆడక్కూడాదా?" అంది. నేను ఆడకూడదా తాతా అని.

మా నాయన పకపకా నవ్వాడు. "నిన్నెవురన్నారే ఆడొద్దని? గంప ఆడొద్దు అన్నానే, పిచ్చిపిల్లా! బంతి తగిలి పండ్లు చితికిపోవా? నువ్వు ఆడు. ఈడ ఆడు, ఆడ ఆడు, యాడన్నా ఆడు!"

జయా, గంప ఎత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నీ ఉత్తరంలోని ముక్క చెవిలో మోగింది. *మా కన్యకను ఆడొద్దని చెప్పు తల్లీ.* మూడు రోజులుగా ఆ ముక్క ఎన్నిసార్లు చదివానో! చదివిన ప్రతిసారీ నువ్వు ఆనాడు చెప్పిన అర్థంతోనే చదివాను. మా నాయన నోటితో ఒక్కసారి కూడా చదవలేదు.

గంప కింద పెట్టేసి లోపలికి వెళ్ళాను. "నాయనా, బెంగుళూరుకి ఫోన్ చేసినావే, ఆ పొద్దు ఏం చెప్పినావు?" అన్నాను.

ఏ బెంగుళూరు అని కూడా అడగలేదాయన. నవ్వు ఆగిపోయింది. "ఇప్పుడెందుకులేమ్మా అది" అన్నాడు.

"చెప్పు నాయనా."

"ఏం చెప్పేది? ఆడొద్దని చెప్పినా. మన గోపాలయ్య బెంగుళూరు చిక్కపేటలో ఉండాడు గదా, పొద్దున్నే ఫోన్ చేసి, మీ పిల్ల దిగిన బడి పక్క సందులో వాంతిభేది, ఇద్దురు పొయ్యినారంట అన్నాడు. నాకు పై ప్రాణం పైనే పొయ్యె. ఆడొద్దు, అందురూ గోపాలయ్య ఇంటికి పొయ్యి ఉండండి అని చెప్పబోతా ఉంటే లైను తెగిపొయ్యె. మళ్ళా బుక్ చేస్తే దొరకలా. గోపాలయ్య బండి పంపించినాడు. మీరు గ్రౌండుకి పొయ్యినారని వాచ్‌మన్ చెప్పినాడంట. సాయంత్రం వచ్చేదానికి మీరు రైలెక్కేసి ఉండారు." గ్లాసు పక్కన పెట్టి, "ఆడనే ఉండి వచ్చినావు. పిల్ల పెద్దదైపోయింది, మన మాట లెక్కలేదు అనుకున్నా. సరి, పోనీ, బాగుండి వచ్చింది గదా, అది చాలు అనుకున్నా" అన్నాడు.

చెప్పాను. నువ్వు ఫోన్ ఎత్తడం, నాకు వచ్చి చెప్పడం, బెంచీ, అన్నీ. ఏకాంబరం లేచి నిలబడ్డారు, ఎందుకు లేచారో ఆయనకే తెలియదు.

"నేను ఆడొద్దంటానా?" అన్నాడు మా నాయన చివరికి. "ఆ ఫోటో పడిన పేపరు చేతిలో పెట్టుకుని వీధిలో ప్రతి మండీ ఎక్కి దిగినానమ్మా. చూపించి చూపించి మడత దగ్గర చినిగిపొయ్యింది. తిరువళ్ళూరోళ్ళు ఆ ఫోటో చూసి మూతి తిప్పితే, పొండయ్యా అని నేనే పంపించేసినా. వాళ్ళు తప్పుకోలా."

"మరి నేను వచ్చినాక ఒక్క మాట అడగలేదే?"

"ఎట్లా అడిగేది? ఓడిపొయ్యి వచ్చినావు. బ్యాటు అటక మీద ఏసేసినావు. బిడ్డ నొచ్చుకోనుంది, బంతి మాట ఎవురూ ఎత్తొద్దని ఇంట్లో అందరికీ చెప్పినా. మీ అమ్మకి ఒట్టు పెట్టినా."

క్షమించి వదిలేసిన మౌనమని నీకు రాశాను చూడు, అది ఇది. నన్ను ఓదార్చడానికి ఇల్లంతా పద్నాలుగేళ్ళు నోరు మూసుకుని కూర్చుంది. నేనూ మూసుకునే కూర్చున్నాను. ఒక్కసారి "ఎందుకు వద్దన్నావు నాయనా" అని అడిగి ఉంటే ఆ సాయంత్రమే తేలిపోయేది. అడగడానికి నాకు పౌరుషం, అడగడానికి ఆయనకి భయం.

తర్వాత ఆయన ఒక మాట అడిగాడు. "కొంచెంలోనే పోయిందా?"

"కొంచెంలోనే."

"నువ్వు ఆడుంటే?"

"గెలిచేవాళ్ళం నాయనా."

కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మా నాయన ఏడవడం నేను చూడలేదు. ఇప్పుడూ సరిగ్గా చూడలేదు, ఎందుకంటే నాకూ కనిపించడం లేదు. వల్లి వచ్చి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏకాంబరం పక్కకి వెళ్ళి నిలుచుంది.

తేరుకున్నాక ఆయన అన్న మొదటి మాట నీ గురించే. "ఆ గుంటూరు పాపకి ఇది చెప్పొద్దమ్మా. తన వల్లనే అయ్యిందని కుమిలిపోతుంది. గమ్మున ఉండనీ." చూశావా? మళ్ళీ గమ్మునే, మళ్ళీ నోరు మూసుకోవడమే! ఒకరిని నొప్పించకూడదని ఇంకో పద్నాలుగేళ్ళు. నాకు ఒళ్ళు మండి, కుదరదు, రేపే రాస్తాను అన్నాను. అందుకే రాస్తున్నాను.

నీ మీద కోపం వచ్చిందా అంటే, వచ్చింది. రాత్రంతా కాదుగానీ ఒక పూట వచ్చింది. మూడేళ్ళు ఆ 'ఆడ' పట్టుకుని నన్ను ఏడిపించావు, అవసరమైన ఒక్కరోజున ఆ మాటే మరిచిపోయావు కదే అని గిన్నెలమీద చూపించాను. తర్వాత నేనే అనుకున్నాను: ఫైనల్ రోజు పొద్దున, చేతిలో బ్యాటుతో నిలబడ్డ పిల్లకి 'ఆడ' అంటే ఆట కాక ఇంకేం తడుతుంది? ఆ ఫోన్ నేను ఎత్తినా అలాగే వినేదాన్నేమో. కానీ జయా, నాకు తిక్కగా ఉంది. ఇన్నేళ్ళు ఒక మనిషి మీద కోపం పెట్టుకుని దాన్ని పట్టుకుని నడిచాను. ఇప్పుడు ఆ కోపం ఎక్కడ పెట్టను? ఓడిన మ్యాచ్ మాత్రం ఓడినట్టే ఉంది. దానికి ఎవరూ దోషులు లేరంటే ఇంకా ఎక్కువ నొప్పిగా ఉంది. పొద్దున్నుంచీ మళ్ళీ వంటింటికీ వరండాకీ తిరుగుతున్నాను, ఈసారి ఎందుకో నాకే తెలియదు.

నువ్వు కుమిలిపోకు. తిట్టాలనిపిస్తే నన్ను తిడుతూ ఉత్తరం రాయి. లేదంటే వచ్చి తిట్టు. షష్టిపూర్తికి నువ్వు రావాలి, ఇది నా పిలుపు కాదు, ఆయనది. ఆ ఫైనల్ ఆడిన మిగతా వాళ్ళ అడ్రసులు నీ దగ్గర ఉన్నాయి కదా, వాళ్ళందరినీ కూడా పిలవమన్నాడు. నేను సెంట్రల్ స్టేషన్‌కి వస్తాను. మా నాయనతో నువ్వు మాట్లాడేటప్పుడు నేను పక్కన ఉంటాను, ఆయన ఏమన్నా ముందు నన్ను అడుగు.

పుస్తకంలో ఆ వాక్యం కొట్టేసి ఇది వెయ్యి: "ఫైనల్లో కన్యక ఆడలేదు. ఫోనులో ఒక మాట తప్పుగా వినబడింది." చాలు. చదివినవాళ్ళు ఏ మాటో అని బుర్ర గోక్కోనీ. అలాగే నా పేరు ముందు అక్షరం గురించి రాశాను కదా, అది మార్చకు. పాత జాబితాలో ఎలా ఉందో అలాగే ఉండనీ. ఏకాంబరాన్ని అడిగాను, "అప్పుడు నేనెవరో నీకు తెలియదు గదా, నా పేరెందుకు ఆడ?" అన్నారు.

టాక్సీ ఎక్కుతూ మా నాయన చెయ్యి ఊపి చూపించాడు, మండీ వెనకాల మిరపకాయలు ఆరబోసే ఖాళీ స్థలం ఉంది కదా, షష్టిపూర్తి మర్నాడు దాన్ని ఊడిపించి నెట్టు కట్టిస్తాడట. ఆ జాగా గురించి చెబుతూ, వల్లికి కూడా తెలిసేటట్టు, ఒక్కొక్క మాటా విడదీసి, నెమ్మదిగా అన్నాడు:

"ఆడ... ఆడండమ్మా."

నీ
వి. కన్యక